నిమ్మపండు గెలిచిన ఎద్దు

కాలేజీ ముగించుకుని పత్రికలో చేరతామంటూ ఇప్పుడు మీరంతా నా దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని సలహా అడుగుతారు. సలహాలు నా దగ్గర లేవు. ఉన్నదల్లా ఒక ఎద్దు కథ. వినే ఓపిక ఉంటే కూర్చోండి. లేదా, కలెక్టరు కచేరీలో గుమాస్తా పనికి అర్జీ పెట్టుకోండి. మా నాయన నన్ను అదే చేయమన్నాడు.

మాది మధుర. నాయకరాజుల కాలంలో వచ్చి, తిరిగి పోవడానికి బద్ధకించి అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కాలేజీలో ఇంగ్లీషు, కోపం వస్తే మూడూ కలిపి. మా తాత చెవి మెలిపెట్టి ఇసుకలో దిద్దించాడు గనక నాకు తెలుగు చదవడం, రాయడం కూడా వచ్చు. మా పేటలో ఆ విద్య ఉన్న కుర్రవాణ్ణి నేనొక్కణ్ణే. దానివల్ల దమ్మిడీ ప్రయోజనం లేదని పేటంతా ఒకటే మాట.

అట్లాంటిది, నేను ఎఫ్.ఏ. పరీక్ష ముగించిన ఎండాకాలంలో ఒక కబురు వచ్చింది. కోయంబత్తూరులో ఎవరో పంతులుగారు తెలుగు మాసపత్రిక పెట్టారట, తోడు మనిషి కావాలట. మా నాయన అడిగాడు, "పత్రికలో పనేమిరా?" అని.

"లోకంలో జరిగేది రాయడం."

"జరిగేది అందరికీ తెలుస్తానే ఉండాది గదా. దాన్ని రాసేదానికి జీతమా?"

ఉద్యోగమంతా అయిపోయింది, నెత్తిన జుట్టూ పోయింది, ఆ ప్రశ్నకి మాత్రం జవాబు నాకింకా దొరకలేదు. మా అమ్మ తెలివైంది. నేను కోర్టులో ఉన్నానని చుట్టాలకి చెప్పుకుంది.

పత్రిక ఆఫీసంటే ఒక పెంకుటిల్లు. వసారాలో సంపాదకుడు, వెనక కొట్టంలో చేత్తో తిప్పే అచ్చుయంత్రం, దాని పక్కన అక్షరాలు పేర్చే కంపోజిటరు. నాతో కలిపి ముగ్గురం, అదే సిబ్బంది.

సంపాదకుడు గోదావరి జిల్లా మనిషి. అక్కడి కోర్టులో మునిషీగా చేసి, పింఛను పుచ్చుకుని, కూతురి కాపురం కోయంబత్తూరులో పడితే ఆ వెంట వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోకుండా ఈ దక్షిణదేశపు తెలుగువాళ్ళని ఉద్ధరించాలనుకున్నాడు. అరవం ఒక్క ముక్క రాదు. మన వైపు తెలుగు చెవిన పడితే అదీ అరవమే అనుకుని వదిలేసేవాడు. మనసు మాత్రం వెన్న. ఉన్నదొక్కటే జబ్బు, ఎవరు ఏం రాసిచ్చినా దిద్దకుండా ఉండలేడు. "వాన పడింది" అని రాసిస్తే "పర్జన్యుండు ప్రసన్నుండయ్యె" అయి బయటికి వచ్చేది. ఊళ్ళో దోమలు ఎక్కువయ్యాయని నేను రెండు వాక్యాలు రాస్తే, అవి మశకంబులై, సైన్యంబులై, ఒక పేజీ నిండా యుద్ధం చేశాయి. పోనీ బయటికి వెళ్ళి చూద్దామా అంటే వసారా దిగడు. "చూసి రాసేవాడు గుమాస్తా. ఊహించి రాసేవాడు సంపాదకుడు" అనేవాడు.

కంపోజిటరు పోదనూరు రైలు కాలనీ నుంచి రోజూ నడిచి వచ్చేవాడు. క్రైస్తవ తెలుగు కుటుంబం, అన్నదమ్ములంతా రైల్లో పని. ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో చదివింది అరవం. అందుకని తెలుగు అక్షరాల్ని ఆకారం చూసి పేర్చేవాడు, ముగ్గు చూసి ముగ్గు పెట్టినట్టు. "నాకు చదవరాదు సార్, అందుకే తప్పు రాదు" అనేవాడు. నిజంగానే రాదు. పంతులుగారి సమాసాలు చూసి నా కళ్ళు తిరిగేవి గానీ, అతను ఈల వేసుకుంటూ పేర్చేసేవాడు.

ఇక పాఠకులు. పళని పోయే దారి పొడుగునా నల్లరేగడి ఊళ్ళలో ఉండే తెలుగు రైతులు మా చందాదారులు. వాళ్ళలో తెలుగు చదవగలవాడు ఒక్కడూ లేడు. మరి పత్రిక ఎందుకయ్యా అంటే, మన మాటకి కూడా అచ్చు ఉందని చూసుకోవడానికి. టపాలో వచ్చిన సంచికని కళ్ళకద్దుకుని దేవుడి గూట్లో పెట్టేవాళ్ళు. అంత మంచి పాఠకులు మళ్ళీ నాకు దొరకలేదు. తప్పు పట్టరు, ఎదురు రాయరు. పంతులుగారు దీన్ని మౌనాంగీకారం అనుకునేవాడు.

ఆ పత్రికలో నాకు అప్పజెప్పిన మొదటి పెద్ద పని ఒక ఎడ్లపందెం గురించి రాయడం. ఆ రైతుల ఊళ్ళలో ఊరికొక దేవరెద్దు ఉంటుంది. దాన్ని కాడికి కట్టరు, అమ్మరు, కర్రతో అదిలించరు. అది దేవుడి సొత్తు, ఊరి తరఫున ఒక ఇంటివాళ్ళు సాకుతారు. ఏటికోసారి ఆ ఊళ్ళ దేవరెద్దులన్నిటినీ ఒకచోట చేర్చి, ఉరుములనే డోళ్ళు వాయిస్తూ, మైదానం ఆ కొస నుంచి ఈ కొసకి వదులుతారు. ఈ కొసన తెల్లగుడ్డ పరిచి ఉంటుంది. దాన్ని ముందు దాటిన ఎద్దు మీద పసుపు చల్లి, సాకిన ఇంటివాళ్ళ చేతిలో ఒక నిమ్మపండు పెడతారు. అంతే బహుమానం. ఆ ఒక్క నిమ్మపండు కోసం బావా బావమరుదులు మాటలు మానుకున్న ఇళ్ళు నాకు తెలుసు.

ఆ ఏడు గెలిచింది ఒక అవ్వ సాకిన ఎద్దు. మొగుడు పోయాడు, కొడుకులు లేరు. ఆడమనిషి చేతిలో దేవరెద్దు ఏమిటని ఊళ్ళో కొందరికి గుర్రు. మగదిక్కున్న ఇంటికి ఎద్దుని మార్చాలని వాళ్ళు ఊరిపెద్ద చెవి కొరుకుతూ ఉన్నారు. అట్లాంటి ఎద్దు, పక్క ఊరి మిట్టాదారు, అంటే చిన్నపాటి జమీందారు, ఆయనగారి బలిసిన ఎద్దుని వెనక పడేసి గుడ్డ దాటింది. మైదానం దద్దరిల్లిపోయింది. అవ్వ ఒంటి నిండా పసుపు, గుప్పిట్లో నిమ్మపండు. నా దగ్గరికి వచ్చి పండు నా ముక్కు కింద పెట్టింది.

"చూడు నాయినా, బాగ చూసి రాయి. మా మామ ఇది చూడకనే పొయ్యె. మా ఇంటాయన చూడకనే పొయ్యె. నేను చూస్తిని."

నాకు ఒళ్ళు జలదరించింది. కళ్ళు కూడా తడిశాయి, సిగ్గేముంది.

"ఇది అచ్చులో వస్తాదా?" అంది.

"వస్తాది అవ్వా, వచ్చే నెలకే."

"అట్లయితే నువ్వే వచ్చి ఊరంతా వినేట్టు చదవాల. ఏదో గాలివాటున గెలిచె అంటా ఉండారు ఈ మొగోళ్ళు. అచ్చులో ఉండేది చదివితే ఇంక నా ఎద్దుని అడిగేదానికి ఎవనికీ నోరు లేవదు."

ఊరిపెద్ద పక్కనే ఉన్నాడు. "సరి. చదవనీ. అచ్చులో ఏముంటే అదే మాట" అన్నాడు. అంటే అవ్వ ఎద్దు అవ్వ కొట్టంలో ఉండేదీ లేనిదీ నా వ్యాసం మీద ఆధారపడింది. మీసం సరిగ్గా మొలవని నాకు ఎంత గొప్పగా ఉందో మీరే ఊహించుకోండి.

రాసి పంతులుగారి చేతిలో పెట్టి, ఆయన పురమాయిస్తే వేరే పని మీద పళని వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి సంచిక అచ్చయి ఉంది. బండి కట్టించుకుని పంతులుగారు కూడా తయారుగా ఉన్నాడు. తన పత్రిక చదివించుకోవడానికి ఒక ఊరు ఊరంతా కూర్చుంటుందని తెలిశాక ఆయన వసారా దిగాడు! జరీ ఉత్తరీయం కూడా వేసుకున్నాడు. నేను బండెక్కి సంచిక విప్పి, జీవితంలో మొదటిసారి అచ్చులో నా రాతని వెతుక్కున్నాను. "మరియు" అన్న మాట ఒకటి నాదే అనిపించింది. తక్కినదంతా ఆయనది.

భాష పోతే పోయింది. విషయం చూడండి. మిట్టాదారుగారి వృషభరాజంబు జయంబు గాంచి సువర్ణకంకణంబు వడసెనట. "అనాథయగు నొక వృద్ధాంగన వృషభంబు పరాజితంబై, యొక జంబీరఫలంబుచే నూరడింపంబడియె" నట. జంబీరఫలమంటే నిమ్మపండే. గెలిచిన అవ్వ ఓడిపోయింది, పండు ఓదార్పు అయింది.

"పంతులుగారూ! గెలిచింది అవ్వ ఎద్దండీ! నిమ్మపండు గెలిచినవాళ్ళకే ఇస్తారండీ!"

"ఏమోయ్, నేను కోర్టులో ఉండగా దొరగారి దర్శనానికి వచ్చిన ప్రతివాడూ నిమ్మకాయే పట్టుకొచ్చేవాడు. బంట్రోతు దగ్గర్నుంచీ అదే. బల్ల మీద అవి దొర్లుతూంటే దొర విసుక్కునేవాడు. అంతకన్న చవక వస్తువు లోకంలో ఉందా? విజేతకి నిమ్మకాయ ఇచ్చారంటే చదువరులు నవ్విపోరూ? నువ్వు పొరబడ్డావని దిద్దాను."

"నేను కళ్ళారా చూశానండీ!"

"అదే నీ లోపం. చూసేసరికి ఇక ఆలోచించవు."

బండి దూకి పారిపోదామా అనుకున్నాను. ఉద్యోగం పోతుందని కాదు. ఊరిపెద్ద మాట నా చెవిలో గింగురుమంటోంది. అచ్చులో ఏముంటే అదే మాట.

ఊళ్ళో తాటాకు పందిరి వేశారు. చాపలు పరిచి, పంతులుగారికి ఒక కుర్చీ ఎక్కణ్ణుంచో సంపాదించారు. అవ్వ ముందు వరసలో కూర్చుంది, కొత్త చీర. ఎద్దుని కూడా తీసుకొచ్చి పక్కన కట్టేసింది. దానికీ వినాలని ఉంటుంది గదా అంది. నేను చదవడానికి లేస్తే పంతులుగారు సంచిక లాక్కున్నాడు. "నా శైలి నీ నోట పలకదోయ్. నేనే చదువుతాను."

మొదటి వాక్యం చదివాడు. అది ఎక్కడో మొదలై, పర్వతాలు దాటి, సముద్రాలు ఈది, చివరికి ఎప్పుడో ఆగింది. ఊరిపెద్ద మెల్లిగా చేతులు జోడించాడు.

"సామీ, మంత్రం బాగుండాది. చదివేది ఎప్పుడు?"

పంతులుగారు నా వంక చూశాడు. "ఏమంటున్నాడు?"

"ఆనందిస్తున్నారండీ."

అప్పుడు అవ్వ లేచింది. "అయ్యవారు పెద్ద చదువు చదివినోరు. ఆయన చదవనీ. తంబీ, నువ్వు దాన్ని మన మాటలో చెప్పు."

ఈ మాటలు పంతులుగారికి చెప్పాను. "శుభం! టీకా తాత్పర్యం అన్నమాట" అన్నాడు. ఆయన తెలుగు వాళ్ళకి తెలియదు, వాళ్ళ తెలుగు ఆయనకి తెలియదు, మధ్యన నేను. దేవుడు ఒక్కోసారి అట్లా గొళ్ళెం తీసి పెడతాడు.

ఆయన అరపేజీ చదివి ఊపిరి పీల్చుకున్నాడు. "ఎడ్లు లేచినాయి" అన్నాను.

"అంత చదివిందానికి ఇంతేనా?" అన్నాడొకడు.

"గట్టి తెలుగన్నా. కాచితే ఇంతే వస్తాది."

ఆయన మూడు ముక్కలు చదివితే నేను ఎద్దుని మైదానం సగం పరిగెత్తించాను. ఎట్లా తోక పైకెత్తింది, మిట్టాదారు ఎద్దు ఎట్లా పక్కకి ఒరిగింది, నాలుగు దూకుల్లో ఎట్లా ముందుకి పోయింది, అన్నీ చెప్పాను. మామ చూడకనే పొయ్యె అన్న అవ్వ మాట కూడా చెప్పాను. పంతులుగారు గొంతు పెంచి "జంబీరఫలంబుచే నూరడింపంబడియె!" అన్నాడు. నేను అంతకంటే పెద్ద గొంతుతో, "గుడ్డ దాటె! నిమ్మపండు అవ్వ చేతికి వచ్చె!" అన్నాను. ఉరుములవాడు ఆపుకోలేక వాయించేశాడు. ఆడవాళ్ళు కన్నీళ్ళు తుడుచుకున్నారు. పంతులుగారు నా వైపు వంగి, "శైలి అంటే ఇదోయ్!" అన్నాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

ఇక బయటపడ్డామనుకునే లోపల, ఆ ఎద్దు మీద కన్నేసిన మనిషి వెనక నుంచి లేచాడు. బుర్రమీసాలు. "ఇంకొక తూరి చదవనీ. అచ్చయితే రెండు తూర్లు ఒకటే మాట రావాల గదా" అన్నాడు.

చదువు రానివాళ్ళ జ్ఞాపకం ఎట్లా ఉంటుందో మీకు తెలియదు. ఒకసారి వింటే మేకు దిగినట్టే. పంతులుగారు సంతోషంగా మళ్ళీ మొదలుపెట్టాడు. నేను చెమటలు కారుతూ మళ్ళీ చెప్పాను.

"నిలుపప్పా! ముందు తూరి నాలుగు దూకులు దూకె అంటివి. ఇప్పుడు మూడే. ఒక దూకు ఏమాయె?"

అవ్వ వెనక్కి తిరిగి చూడకుండానే అంది, "ఏమిరా, వెంటవెంటనే రెండో తూరి పరిగెత్తుతా ఉండాది, ఎద్దుకి ఆయాసం రాదా?"

పందిరి ఎగిరిపోయేట్టు నవ్వారు. బుర్రమీసాలు కూర్చుండిపోయాడు. ఊరిపెద్ద లేచి, "అచ్చులో ఎక్కింది. ఎద్దు అవ్వ దగ్గరనే ఉంటాది. ఇంక మాట లేదు" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో అవ్వ పసుపు గిన్నెతో వచ్చి, "నా ఎద్దు ఉండే చోటు చూపించు నాయినా, బొట్టు పెడతాను" అంది. ఆవిడ ఓడిపోయిందని ఉన్న పేజీ మీద ఆవిడ చేతే బొట్టు పెట్టించడానికి నాకు మనసొప్పలేదు. గబుక్కున పంతులుగారి చేతిలో సంచిక అందుకుని, వెనక అట్ట తిప్పి ఒక చోట వేలు పెట్టాను. అవ్వ అక్కడ పసుపు పూసి, కుంకం దిద్ది, కళ్ళు మూసుకుని మొక్కింది. ఊరంతా వరసన వచ్చి మొక్కారు.

తిరుగు ప్రయాణంలో పంతులుగారు బండిలో కూర్చున్నాడనడం అబద్ధం, గాల్లో తేలాడు. ఈ వ్యాసాన్ని ఊరూరా చదివించాలన్నాడు, మిట్టాదారుగారి దగ్గరికి కూడా వెళదామన్నాడు. వింటూ నేను వక్కలా ఎండిపోతున్నాను. అప్పుడు గడ్డం గోక్కుంటూ అడిగాడు. "అంతా బాగుంది గానీ, ఒక్క సంగతి బోధపడలేదోయ్. ఆ ముసలామె పోయిపోయి ఆముదం ప్రకటనకి బొట్టు పెట్టిందేమిటి?"

ఇక దాచి లాభం లేదు. ఉన్నదంతా చెప్పేశాను.

పంతులుగారు బండిలో నా వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు.

"ఆ నవ్వులు నీ మాటకా?"

"చిత్తం."

"ఆ కన్నీళ్ళు?"

"అవీ అంతేనండీ."

"జంబీరఫలం దగ్గర కూడా ఎవరూ..."

"లేదండీ."

ఆ ముసలాయన ముఖం చూడలేక తల దించుకున్నాను. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను, పోతే పోనీ. "పంతులుగారూ, నా సంగతి ఎట్లా అయినా సరే. రేపు తెలుగు చదివినవాడు ఒకడు ఆ ఊరికి వచ్చాడంటే అవ్వ ఎద్దు పోతుంది. మీరు అచ్చేసినదాన్ని బట్టే పోతుంది" అన్నాను.

ఆయన ఉత్తరీయం మడత పెట్టుకున్నాడు. మళ్ళీ విప్పాడు. మళ్ళీ మడత పెట్టాడు. "వాళ్ళకి చెప్పింది చెప్పినట్టు రాయి. వచ్చే సంచికలో వేద్దాం. పాతది పొరబాటని కూడా వేద్దాం. నేను ముట్టుకోను" అన్నాడు.

అన్నాడు గానీ, ఆ కాగితాలు బల్ల మీద ఉన్నన్నాళ్ళూ ఆయన అవస్థ పగవాడికి కూడా వద్దు. చేతులు వెనక్కి కట్టుకుని వసారా ఆ చివర నుంచి ఈ చివరికి తిరిగేవాడు. ఒక మధ్యాహ్నం కలం పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "ఒక్కటంటే ఒక్క 'వృషభంబు' వేసుకోనీయవోయ్" అని బతిమాలాడు. వద్దండీ అన్నాను. నిట్టూర్చి వెళ్ళిపోయాడు. మాట మీద నిలబడ్డాడు, మహానుభావుడు.

కంపోజిటరు మొదటిసారి, ఇందులో ఏముంది సార్, పంతులుగారు ఎందుకట్లా తిరుగుతుండారు అని అడిగాడు. చదివి వినిపించాను. చేతిలో అక్షరం చేతిలోనే ఉండిపోయింది. "ఇది మా ఇంటి మాట సార్! మా అమ్మ ఇట్లనే మాట్లాడతాది. దీన్ని కూడా అచ్చెయ్యొచ్చా?" అన్నాడు. ఆ రోజంతా నవ్వుకుంటూ పేర్చాడు. నేను అతనితో పనిచేసినన్నాళ్ళలో తప్పులు దొర్లింది ఆ ఒక్క వ్యాసంలోనే, అర్థం తెలిసిపోయింది గనక. రెండు చోట్ల ఎద్దు తలకిందులైంది. కూర్చుని సరిచేశాం.

ఆ సంచిక పట్టుకుని ఒక్కణ్ణే అవ్వ ఊరికి వెళ్ళాను. పోయిన నెల పత్రికలో పొరబాటు పడింది, సరిగ్గా అచ్చేసి తెచ్చామని ఊరిపెద్దకి చెప్పి, అందరి ముందూ మళ్ళీ చదివాను. తల ఎత్తకుండా, అక్షరం పొల్లుపోకుండా చదివాను. పొరబాటంటే ఏదో అక్షరం తప్పనుకున్నారు గానీ, ఎవరికీ కొత్తగా ఏమీ అనిపించలేదు. నాలుగు దూకులూ సరిపోయాయని బుర్రమీసాలు కూడా ఒప్పుకున్నాడు.

అందరూ లేచిపోయాక అవ్వ నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

"ఈ తూరి నిజంగానే అచ్చులో ఉండాది" అంది.

మజ్జిగ కొరబోయింది. "అవ్వా! అప్పుడు లేదని నీకెట్లా తెలిసె?"

"అప్పుడు నీ కండ్లు అయ్యవారి మీద గానీ కాగితం మీద గానీ యాడుండె? నా మొగం మీద ఉండె. ఈ పొద్దు ఒక్క తూరయినా నన్ను చూడలేదే నువ్వు!"

"తెలిసీ ఊరకుంటివా? ఎద్దు పొయ్యుంటే?"

అవ్వ నా చేతిలో ఖాళీ చెంబు తీసుకుంది.

"గుడ్డ దగ్గర నీ పక్కనే నిలబడుంటిని నాయినా. నిమ్మపండు చూసి నువ్వు ఏడిస్తివి. ఏడిచినోడు అబద్ధం రాసుండడు, మధ్యలో ఎవురో చెడిపినారు అనుకుంటిని. సరిచేసుకుని వస్తావులే అని కూచుంటిని."